ఓడకు పేదరిక ధ్రువపత్రం

పేదరికం మనుషుల గుత్తసొత్తు కాదని ఆ ఏడు ప్రభుత్వం తేల్చి చెప్పింది.

అంతవరకు పేదగా నమోదయ్యే సౌకర్యం మనుషులకు మాత్రమే ఉండేది. కష్టంలో పడ్డ భారీ సంస్థలు, భవనాలు, నావలు ఆ సౌకర్యానికి నోచుకోక మౌనంగా కుమిలిపోయేవి. ఈ వివక్షను తొలగించడానికి రాజధానిలో 'ఆపన్న నౌకల ఆదరణ మండలి' ఏర్పాటైంది. మండలికి ఫారాలు అచ్చువేయించే తీరిక లేకపోయింది. బరంగాయ్‌లని పిలిచే ఊరి పంచాయితీల ఆఫీసుల్లో ఉచిత బియ్యానికి వాడే పాత ఫారాన్నే తీసుకుని, 'కుటుంబం' అన్నచోట 'కుటుంబం లేదా నౌక' అని మార్చింది. (ఆ మార్పు చేయడానికి ఏడుగురు సభ్యులు పదకొండు సమావేశాలు జరిపారు.)

ఆ ఫారం ప్రకారం నౌక ఏ బరంగాయ్ ఎదుట ఆరు నెలలు లంగరు వేసి ఉంటే ఆ బరంగాయ్‌లో కాపురమున్నట్టే. అక్కడి పెద్ద సంతకంతో అది పేదదని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. తెచ్చుకుంటే ప్రభుత్వం ఆదుకుంటుంది.

బతాన్ తీరాన బాతుహన్ బరంగాయ్‌లో మొత్తం ఇళ్లు నూట పన్నెండు. నూట పదమూడోది ఓడ.

దాని పేరు గోల్డెన్ ప్లెంటీ. పద్నాలుగు అంతస్తులు, మూడు ఈతకొలనులు, పదకొండు భోజనశాలలు, ఒక నాటకశాల. లోకమంతా జబ్బు పాకి, ఏ రేవూ షికారు ఓడలను దగ్గరికి రానివ్వని రోజులవి. ప్రయాణికులను ఎక్కడో దింపేసి, పదకొండు వందల మంది పనివాళ్లతో వచ్చి బాతుహన్ ఒడ్డుకు మైలున్నర దూరంలో నిలబడింది. నిలబడి ఆరు నెలలైంది.

ఆ పదకొండు వందల్లో ఒకతె క్లారిబెల్. ఒడ్డున ఆఖరి గుడిసెలో ఉండే కస్యానోకు ఒక్కతే కూతురు.

కస్యానోకు అరవై మూడేళ్లు. పెద్ద వయసు మగవాళ్లను మాంగ్ అని, ఆడవాళ్లను ఆలింగ్ అని గౌరవంగా పిలవడం ఆ ఊరి అలవాటు. చేపలు పడతాడు. ఊరి బడిలో ఆరో తరగతి వరకు చదివాడు. ఆ చదువుతో ఏ కాగితాన్నయినా వేలు పెట్టి చివరిదాకా చదవగలడు. అతని భార్య ఇసిద్రా కిందటి ఏడు పోయింది. అప్పుడు క్లారిబెల్ ఏదో దూరపు సముద్రం మీద ఉంది. తల్లి ఖననాన్ని ఫోనులో చూసింది. పెట్టె దించే సమయానికి సిగ్నల్ పోయింది.

ఇప్పుడు ఆ ఓడే వచ్చి ఇంటి ముందు నిలబడింది. రోజూ సాయంత్రం అయిదింటికి నాలుగో అంతస్తు కమ్మీల దగ్గర ఒక చుక్క తెల్ల తువాలు ఊపుతుంది. ఒడ్డున కస్యానో తెడ్డు పైకెత్తుతాడు. ఆ తర్వాత ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. దిగడానికి వీల్లేదు. దింపాలంటే జబ్బు పరీక్షలు చేయించాలి, పద్నాలుగు రోజులు హోటల్లో ఉంచాలి, బస్సు పెట్టాలి. ఆ ఖర్చు కంపెనీది. కంపెనీ దగ్గర డబ్బు లేదు. (ఆ సంగతి కంపెనీ తన సొంత విమానంలో రాజధానికి వచ్చి మరీ చెప్పింది.)

వచ్చే నెల పదిహేడున ఇసిద్రా పోయి ఏడాది నిండుతుంది. నలుపు విడిచే రోజు. ఏడాదిపాటు చొక్కాకు గుచ్చుకున్న నల్ల రిబ్బను ముక్కను ఆ రోజు ప్రార్థన అయ్యాక తీసేయాలి. ఎవరిది వాళ్లు తీసుకోకూడదు. కస్యానో రిబ్బను క్లారిబెల్ తీయాలి. క్లారిబెల్ రిబ్బను కస్యానో తీయాలి. ఇద్దరే ఉన్న కుటుంబంలో ఇది తప్ప వేరే ఏర్పాటు కుదరదు.

కాబట్టి ఓడ పేదదో కాదో అన్నది కస్యానోకు రాజకీయం కాదు.

ఊరి సభ బాస్కెట్‌బాల్ కోర్టులో జరిగింది. బరంగాయ్ పెద్ద కపితాన్ రుఫో మెడలో రిఫరీ ఈల వేసుకుని కూర్చున్నాడు. ఆట జరిగినా, సభ జరిగినా ఆయన అదే ఈలతో నడుపుతాడు. పక్కన కంపెనీ వకీలు అటార్నీ బెనవిదెస్. మడత నలగని తెల్ల బరోంగ్ చొక్కా, చంకలో తోలు సంచి.

"గోల్డెన్ ప్లెంటీ మన పొరుగింటిది" అన్నాడు అటార్నీ. "పొరుగింట్లో పొయ్యి వెలగకపోతే మనకు అన్నం సహిస్తుందా?"

కోర్టు పక్కన కొట్టు నడిపే ఆలింగ్ సెపా లేచింది. ఊళ్లో ఆమెకు జవాబు చెప్పలేక చాలామంది పక్క ఊళ్లో సబ్బు కొనుక్కుంటారు.

"ఓడ పేదదేంటి అటార్నీ? దానికి మూడు కొలనులున్నాయి. మా ఇంటికి కుళాయే లేదు."

"ఆ కొలనుల్లో నీళ్లు లేవు ఆలింగ్ సెపా. ఆరు నెలలుగా ఎండిపోయి ఉన్నాయి. ఆ బాధ మీకు తెలియాలంటే ముందు మీకో కొలను ఉండాలి."

"అది మన దేశానికి ఎప్పుడైనా పన్ను కట్టిందా?"

"లేదు" అన్నాడు అటార్నీ, కాస్త గర్వంగా. "ఏ దేశానికీ కట్టలేదు. జెండా ఒక దీవిది. యజమానులు ఉండేది ఇంకో దేశం. ఆఫీసు మరో చోట. ఎవరికీ పన్ను కట్టలేదు కాబట్టి ఎవరి మీదా పక్షపాతం లేదు. అన్ని దేశాలూ దానికి అమ్మలే. కష్టమొచ్చినప్పుడు బిడ్డ అమ్మ దగ్గరికి రాకపోతే ఎక్కడికి పోతుంది?"

"మరి బాగున్నన్నాళ్లూ ఏ అమ్మ దగ్గరుందట?"

"బాగున్నప్పుడు పిల్లలు ఆడుకోవడానికి పోతారు కదండీ."

జనం నవ్వారు. కస్యానో నవ్వలేదు. అతను సముద్రం వైపు చూస్తున్నాడు.

"పోనీ, ఆ ఇచ్చేదేదో పనివాళ్లకే ఇవ్వొచ్చుగా" అంది సెపా.

"పనివాళ్లకిస్తే బియ్యం కొనుక్కుంటారు. బియ్యం అయిపోతాయి. ఓడకిస్తే మార్కెట్టులో నమ్మకం పుడుతుంది. నమ్మకం అయిపోదు."

"అయితే ఈ పూట మీ ఆవిడకి చెప్పండి, కుండెడు నమ్మకం వండమని."

కపితాన్ ఈల ఊదాడు. "ఫౌల్! ఆలింగ్ సెపా, ఇది రెండోది. ఇంకొక్కటైతే కోర్టు బయటికి పంపిస్తా."

"పంపు కపితాన్, పంపు. కొట్టు అక్కడే ఉంది. అక్కడ్నించే అరుస్తా."

తర్వాత ఫారం నింపే కార్యక్రమం. బరంగాయ్ సెక్రటరీ పెర్లిత పన్నెండేళ్లుగా ఈ పని చేస్తోంది. తాటాకు కప్పుకు ఎన్ని మార్కులో, మట్టి నేలకు ఎన్ని మార్కులో ఆమెకు నోటికి వచ్చు. నూటికి అరవై అయిదు వస్తే పేద. అంతకు ఒక్కటి తగ్గినా అదృష్టవంతులు.

"పైకప్పు?" అంది పెర్లిత.

"రేకు."

"గోడలు?"

"అవీ రేకే."

"సొంత భూమి?"

"సెంటు కూడా లేదమ్మా" అన్నాడు అటార్నీ. గొంతు కొంచెం జీరపోయింది.

"కుళాయి?"

"లేదు. సముద్రపు నీళ్లే కాచుకుంటారు."

"కరెంటు?"

"ప్రభుత్వం ఇవ్వలేదు. సొంతంగా నూనె కాల్చుకుని దీపాలు పెట్టుకుంటోంది."

"మరుగుదొడ్డి?"

"సముద్రంలోకే."

పెర్లిత తలెత్తి జాలిగా చూసింది. "గదికి ఎంతమంది పడుకుంటారు?"

"కింది అంతస్తుల్లో నలుగురు. కిటికీ ఉండదు."

"ఇంటి మీద ఆధారపడ్డవాళ్లు?"

"పదకొండు వందలు."

పెర్లిత కలం పక్కన పెట్టింది. ఒక్క ఇంటి మీద తొమ్మిది మంది కంటే ఎక్కువ ఆధారపడటం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ గడిలో రెండు అంకెలకే చోటుంది. కపితాన్ అనుమతితో గడి పక్కన గీత పొడిగించి రాసింది.

"ప్రస్తుతం సంపాదన?"

"ఆరు నెలలుగా లేదు."

తొంభై నాలుగు మార్కులు వచ్చాయి. బాతుహన్ చరిత్రలో అంత పేదరికం ఎవరికీ రాలేదు. అంతకు ముందు రికార్డు ఎనభై ఒకటి. అది తుపానులో ఇల్లు, పడవ, కాలు పోయిన ఒక ముసలాయనది. ఆయన సభలోనే ఉన్నాడు. లేచి నిలబడి ఓడ వైపు తిరిగి టోపీ తీశాడు.

కస్యానోకు తన మార్కులు గుర్తొచ్చాయి. కిందటి ఏడు పడవ ఇంజను పాడైతే ఇదే కోర్టులో, ఇదే బల్ల ముందు కూర్చున్నాడు. అరవై ఒకటి వచ్చాయి. కూతురిది అంతర్జాతీయ ఓడలో ఉద్యోగం కాబట్టి రెండు తగ్గాయి. స్థిరాస్తి ఉన్నందుకు నాలుగు తగ్గాయి.

"స్థిరాస్తి ఎక్కడుందమ్మా నాకు?" అని అడిగాడు అప్పుడు.

"శ్మశానంలో, మాంగ్ కస్యానో. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. మీ పేరు మీదే ఉంది."

"అది సమాధి కదా. అందులో మా ఆవిడ ఉంది."

"కాపురం ఎవరిదైనా పట్టా మీదే కదండీ."

అప్పటి నుంచి అతను తెడ్డుతోనే వేటకు పోతున్నాడు.

ఓడ దరఖాస్తుకు ఇంకొక్క లాంఛనం మిగిలింది. దరఖాస్తుదారును రోజూ కళ్లారా చూసే పొరుగువాడు, వీళ్లు పేదవాళ్లే అని సాక్షి సంతకం పెట్టాలి. ఓడకు ఎడమ పక్క సముద్రం. కుడి పక్క సముద్రం. వెనక చైనా దాకా సముద్రం. ముందు కస్యానో గుడిసె.

మర్నాడు పొద్దున అటార్నీ గుడిసెకు వచ్చాడు. బూట్లలో ఇసుక దూరకుండా కాళ్లు ఎత్తెత్తి వేస్తూ వచ్చాడు. కస్యానో వల బాగుచేసుకుంటున్నాడు. లేవలేదు.

"అబద్ధానికి సాక్ష్యం చెప్పమంటారా?"

"ఒక్క అబద్ధం చూపించండి మాంగ్ కస్యానో. నేను ఈ ఉద్యోగం మానేస్తా."

కస్యానో ఆ తొమ్మిది పేజీలూ తీసుకుని వేలు పెట్టి చదివాడు. గంట పట్టింది. అన్నీ నిజాలే. అతనికి నచ్చనిది అదే.

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే సాయం రాదు. సాయం రాకపోతే పరీక్షలకు, హోటలుకు, బస్సుకు మా దగ్గర డబ్బుండదు. క్లారిబెల్ అక్కడే ఉంటుంది." అటార్నీ ఓడ వైపు చూశాడు. "మీకు రోజూ కనబడుతూనే ఉంటుందనుకోండి. ఎంతమంది తండ్రులకు ఆ భాగ్యం?"

"పెడితే?"

"వచ్చే నెల మొదటి తేదీకి సాయం. రెండో తేదీకి హోటలు. పదహారుకు మీ అమ్మాయి ఈ ఇసుకలో ఉంటుంది. పూచీ నాది."

"పదిహేడు దాటకూడదు. ఆ మాట కాగితం మీద రాయండి."

"ప్రభుత్వ ఫారంలో తేదీకి గడి లేదండీ." అటార్నీ నిజంగానే వెతికి చూశాడు. "కానీ 'ప్రజల షరతులు' అని ఒక గడి ఉంది. ఇంతవరకు దేశంలో ఎవరూ నింపలేదు. ఏమైనా ఉంటే చెప్పండి."

కస్యానో ఆలోచించాడు. ఇలాంటివాళ్లను అతను నమ్మడు. చేపల గుత్తేదారును నమ్మలేదు, ఇంజను మెకానిక్కును నమ్మలేదు, ఇసిద్రాకు నయమవుతుందని చెప్పిన డాక్టరును మాత్రం నమ్మాడు. అదొక్కటే అతను చేసిన పొరపాటు. రెండోసారి చేయదలచుకోలేదు.

"రేపు సాయం మింగేసి, మా పిల్లల్ని ఉద్యోగాల్లోంచి పీకేస్తారు. నాకు తెలుసు. అలా కుదరదు. సాయం అందిన రోజున ఎంతమంది ఉన్నారో అంతమందీ ఉండాలి. ఒక్కరు తగ్గినా ఇచ్చిందంతా వెనక్కి కట్టాలి. రాయండి."

అటార్నీ అతన్ని కాసేపు తదేకంగా చూశాడు. బంగారు కలం తీశాడు.

"మండలిలో ఏడుగురున్నారు, మాంగ్ కస్యానో. అందరూ విదేశాల్లో చదివారు. ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు."

"నేను ఊళ్లోనే చదివాను" అన్నాడు కస్యానో. సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం అయిదింటికి తెడ్డును మామూలు కంటే ఒక జానెడు ఎక్కువ ఎత్తాడు.

ధ్రువపత్రం పొందిన ప్రతి పేద కుటుంబానికీ అయిదు కిలోల బియ్యం, ఆరు సార్డిన్ డబ్బాలు, నాలుగు నూడుల్స్ పొట్లాలు వెంటనే అందించాలని నిబంధన. ఓడకు మినహాయింపు లేదు. మూడో రోజు కస్యానో పడవలో ఆ సంచీ, కపితాన్, సెక్రటరీ పెర్లిత, 'కష్టంలో మీ వెంటే – కపితాన్ రుఫో' అని రాసిన గుడ్డ బ్యానరు ఓడ దగ్గరికి బయల్దేరాయి. (బ్యానరు సంచీ కంటే బరువు.)

ఓడ పక్క గోడలో నీటికి రెండడుగుల ఎత్తున ఇనుప తలుపు తెరుచుకుంది. ఆ ఊరి భాష వచ్చినవాళ్లు కావాలని క్లారిబెల్‌ను పంపారు. వెనక ఒక సూపర్‌వైజరు నిలబడ్డాడు. ఓడకూ పడవకూ మధ్య ఆరడుగుల ఎడం ఉండాలని జబ్బు రూలు. సంచీని తెడ్డు చివర కట్టి అందించారు.

ఆరు నెలల తర్వాత ఆ చుక్కకు మొహం వచ్చింది.

"చిక్కిపోయారు తాతాయ్" అంది క్లారిబెల్. వాళ్ల భాషలో నాన్నను అలాగే పిలుస్తారు.

"నువ్వు తెల్లబడ్డావు. ఎండలోకి రానివ్వరా?"

"సాయంత్రం పావుగంట. ఆ పావుగంటే మీకు తువాలు ఊపేది."

"తిండి?"

"పదకొండు భోజనశాలలున్నాయిగా. వాటి వెనకాల ఒక గదిలో మాకు గంజి పోస్తారు." నవ్వింది. "గది పైకప్పుకు బొమ్మ చేపలతో అలంకరణ కూడా ఉంటుంది."

"ప్రయాణికులు లేరు కదా, పనేముంది?"

"తువాళ్లతో జంతువులు చెయ్యాలి. తొమ్మిది వందల గదులు. ప్రతి మంచం మీదా సోమవారం ఏనుగు, మంగళవారం కోతి, బుధవారం హంస. మర్నాడు విప్పేసి, ఉతికి, మళ్లీ చెయ్యాలి."

"ఎవరు చూడ్డానికి?"

"ఎవరూ చూడరు. చెయ్యి మొరటెక్కకుండా అట. కోతి తోక వంకర పోతే జీతంలో కోత."

కపితాన్ బ్యానరు అవతలి కొస పట్టుకోమని అడిగాడు. క్లారిబెల్ పట్టుకుంది. పెర్లిత ఫోటో తీసింది.

"వచ్చే నెల పదహారుకు దించుతారట" అన్నాడు కస్యానో, బ్యానరు కింద నుంచి.

"విన్నాను. మీరే సంతకం పెట్టారట కదా. ఓడంతా మీ పేరే." ఆమె కళ్లు అతని చొక్కా మీద ఆగాయి. "రిబ్బను తియ్యలేదుగా?"

"నేనెలా తీస్తాను? నువ్వు తియ్యాలి."

"పదిహేడున పాన్సిత్ నేను వండుతాను. మీరు ముట్టుకోవద్దు. మీరు వండితే సేమియా అంతా ముద్దవుతుంది."

"మీ అమ్మ తినేది."

"అమ్మ మీ మొహం చూసి తినేది, తాతాయ్."

చివరికి సంచీ అందినట్టు రసీదు మీద ఇంటి పెద్ద వేలిముద్ర అవసరమైంది. ఓడకు వేలు లేదు. సూపర్‌వైజరు తన వేలు పాడవుతుందన్నాడు. సిరా డబ్బా, రసీదు తెడ్డు మీద పెట్టి అందిస్తే క్లారిబెల్ వేలిముద్ర వేసింది. బాతుహన్ రికార్డుల్లో గోల్డెన్ ప్లెంటీ బొటనవేలు ఇప్పటికీ ఆమెదే.

సాయం మొదటి తేదీకే వచ్చింది. ప్రభుత్వం మాట తప్పలేదు. కోర్టులో వేదిక కట్టారు. తలుపంత అట్ట చెక్కు ఒకటి తెచ్చారు. మండలి నుంచి నౌకా శిరోగణనాధికారి దిగాడు. (కొత్త పదవి. కస్యానో షరతు అమలు కోసమే సృష్టించారు. కింద పద్నాలుగు మంది సిబ్బంది.) ఆయన ఉదయమంతా ఓడ మీద తలలు లెక్కపెట్టి, పదకొండు వందలు సరిపోయాయని ప్రకటించాడు. ఈ సంఖ్య పద్దెనిమిది నెలలపాటు తగ్గడానికి వీల్లేదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆలింగ్ సెపా కూడా కొట్టింది. "మొత్తానికి మన కస్యానో వాళ్ల ముక్కుకు తాడేశాడు" అంది.

కస్యానో ఉతికిన చొక్కాతో వచ్చాడు. కూతురి హోటలుకు పంపడానికి ఒక సంచీలో ఎండు చేపలు, తల్లి దుప్పటి తెచ్చాడు. అటార్నీ వేదిక దిగేదాకా ఆగి దగ్గరికి వెళ్లాడు.

"బస్సు ఎప్పుడు అటార్నీ?"

"ఏ బస్సు?"

"పిల్లల్ని హోటలుకు తీసుకెళ్లే బస్సు."

అటార్నీ అతని భుజం మీద చెయ్యి వేశాడు. వేసి, రూలు గుర్తొచ్చి తీసేశాడు.

"దించితే తల తగ్గుతుంది కదండీ."

"ఉద్యోగం మానదు. సెలవు మీద దిగుతుంది. నలుపు విడిచాక మళ్లీ ఎక్కుతుంది."

"అది మీకూ నాకూ తెలుసు. అధికారి లెక్కపెట్టేది ఓడ మీద. ఒడ్డున ఉన్న తలను ఓడ మీద ఎలా లెక్కపెడతారు?"

"బదులు ఇంకొకర్ని ఎక్కించండి."

"జబ్బు రూలు. పనివాళ్లు కొత్తగా ఓడెక్కడం నిషేధం. దిగడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, ఈ షరతు తప్ప." అటార్నీ గొంతు తగ్గించాడు. "ఒక్క తల తగ్గితే మొత్తం వెనక్కి కట్టాలి. కడితే ఓడ మునుగుతుంది. ఒక్క మీ అమ్మాయి కోసం వెయ్యి తొంభై తొమ్మిది మంది రోడ్డున పడాలా? మీరే చెప్పండి."

కస్యానో చేతిలోని చేపల సంచీ కింద పెట్టాడు.

"ఇంత చచ్చు రూలు ఎవడు పెట్టాడు?" అన్నాడు.

అటార్నీ తోలు సంచీ తెరిచాడు. ఆఖరి పేజీ తీసి, 'ప్రజల షరతులు' గడి కింద వేలు పెట్టి చూపించాడు. ఎగతాళికి కాదు. ఆ వాక్యమంటే అతనికి నిజంగా గౌరవం.

"మరి పరీక్షలకని తెచ్చిన డబ్బు?"

"ఎవర్నీ దించడం లేదు కాబట్టి పరీక్షలు అక్కర్లేదు. మిగిలినదాంతో ఓడకు రంగు వేయిస్తున్నారు. చూసినవాళ్లకు నమ్మకం కలగాలి కదా."

ఆలింగ్ సెపా ఏదో అనబోయింది. కపితాన్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. కానీ ఆమె ఏమీ అనలేదు. కపితాన్ కూడా ఈల ఊదలేదు. బాతుహన్ కోర్టులో అలా ఎప్పుడూ జరగలేదు.

ఆ తర్వాత పక్షం రోజులు ఓడకు తాళ్లు కట్టుకుని మనుషులు తెల్లరంగు వేశారు. సాయంత్రం అయిదింటికి తువాలు ఊగేది. తెల్లరంగు మీద తెల్ల తువాలు సరిగా ఆనేది కాదు. కస్యానో అటే చూస్తూ తెడ్డు ఎత్తేవాడు.

పదిహేడో తేదీ పొద్దున ఓడ లంగరు ఎత్తింది. వేరే దేశంలో కూడా ఇలాంటి మండలే ఏర్పడిందని, అక్కడ ఆరు నెలల నివాసం వెంటనే మొదలుపెట్టకపోతే గడువు దాటిపోతుందని తర్వాత తెలిసింది. బాతుహన్ వదిలి వెళ్తూ ఓడ మూడుసార్లు కూత కూసింది. మర్యాద తెలిసిన ఓడ.

నలుపు విడిచే ప్రార్థన పదింటికి జరిగింది. నలుగురు ముసలమ్మలు, ఆలింగ్ సెపా వచ్చారు. పాన్సిత్ కస్యానోయే వండాడు. ముద్దయింది. అందరూ తిన్నారు, అతని మొహం చూడకుండా.

మధ్యలో కపితాన్ రుఫో ఒక అట్టపెట్టె తెచ్చాడు. సాక్షి చేసిన మేలుకు కంపెనీ కృతజ్ఞత అన్నాడు. లోపల గాజు కాగితంలో చుట్టిన తువాలు హంస. మెత్తటి, మందపాటి, విదేశీ తువాలు. మెడ ఎడమ వైపుకు తిరిగి ఉంది. క్లారిబెల్‌ది ఎడమచేతి వాటం. కస్యానో దాన్ని ఖాళీ కుర్చీలో పెట్టాడు.

ప్రార్థన అయ్యాక ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆలింగ్ సెపా లేచి దగ్గరికి వచ్చింది.

"రిబ్బను నేను తియ్యనా మాంగ్ కస్యానో? మీ ఆవిడ నాకు చెల్లెల్లాంటిది."

"వద్దు."

"ఇంకెన్నాళ్లు ఉంచుకుంటారు?"

"పద్దెనిమిది నెలలు" అన్నాడు కస్యానో.

వారం తిరక్కుండా సెక్రటరీ పెర్లిత ఫారం పట్టుకుని వచ్చింది. సాయం అందిన దరఖాస్తుకు సాక్షిగా ఉన్న ఇంటిని కూడా మళ్లీ సర్వే చేయాలని నిబంధన. గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. పైకప్పు తాటాకు. కుళాయి లేదు. పడవకు ఇంజను లేదు.

"ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కడిని."

"స్థిరాస్తి అదేనా?"

"అదే. ఎక్కడికీ కదల్లేదు."

పెర్లిత లోపలికి తొంగి చూసింది. కుర్చీలో హంస ఇంకా అలాగే ఉంది. విప్పలేదు. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆమె ఒక్క గడి కూడా ఖాళీగా వదల్లేదు. 'గృహోపకరణాలు' అన్నచోట 'విదేశీ తువాలు, ఒకటి' అని రాసింది. రెండు మార్కులు తగ్గాయి. అరవై ఒకటి కాస్తా యాభై తొమ్మిదైంది.

ఏడాది చివర ఆదరణ మండలి నివేదిక అచ్చయింది. పథకం వల్ల బాతుహన్‌లో పరిస్థితి మెరుగుపడ్డ కుటుంబాలు రెండని అందులో ఉంది. ఒకటి ఓడ. రెండోది కస్యానో.